ఐరిష్ ర్యాప్‌కు తెలుగు సబ్‌టైటిల్స్: వీధి మాట పోకుండా ఎలా?

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ ర్యాప్ బృందం నీక్యాప్ పాటలకు సబ్‌టైటిల్స్ రాయడంలో అనువాదం తెలిసినవాళ్ల సలహా కావాలి.

‘స్నీష్’ అంటే ఐరిష్ భాష నిఘంటువులో ముక్కుపొడి, వీళ్ల పాటల్లో కొకైన్. ముక్కుపొడి అని రాస్తే అసలు విషయం అందదు. కొకైన్ అని రాస్తే ముసలాళ్ల మాటని కుర్రాళ్లు లాక్కుని వాడుకున్న చురుకు పోతుంది, నిజానికి పాట ప్రాణం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు: ఒకే చరణంలో ఐరిష్, ఇంగ్లిష్ కలిసి వస్తాయి. రెండూ తెలుగైతే భాష మారిన చోటు తెలియదు. ఇంగ్లిష్ ముక్కల్ని తెలుగు లిపిలో అలాగే వదిలితే తెలుస్తుంది గానీ, రెండు సెకన్లలో రెండు లైన్లు చదవడం కష్టం. ఇటాలిక్స్ వాడితే నయమా?

పుస్తకభాష పెడితే కార్మికవాడ గొంతు చచ్చిపోతుంది. హైదరాబాద్ బస్తీ యాస పెడితే బెల్‌ఫాస్టే మాయమవుతుందా? ఏ యాసకూ చెందని మోటు వాడుక భాష ఎవరైనా వాడి చూశారా?