ఒకేసారి రెండుమూడు రైలు మోడళ్లు పెట్టుకున్నవాళ్లు ఎలా లాక్కొస్తున్నారండి?

పర్లాకిమిడి_పాసింజర్: మా నౌపడా–గుణుపూర్ చిన్న లైను మోడల్ మొదలెట్టానండి, 1900లో పర్లాకిమిడి దాకా వేసి తర్వాత గుణుపూర్‌కి పొడిగించిన నేరోగేజి (పట్టాల మధ్య దూరం తక్కువుండే లైను), 2004లో ఆపేసి బ్రాడ్‌గేజి చేసేసారు కదా అదే. అది సగంలో ఉండగానే డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌కి రంగులు, ఇంకోపక్క సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ అట్ట)తో నౌపడా స్టేషను. డైనింగ్ టేబుల్ నిండిపోయింది, ఇంట్లోవాళ్లు కింద కూర్చుని తింటున్నారు. ఒకటి అయ్యేదాకా రెండోది ముట్టకూడదంటారా?

బరంపురం_బాబాయ్: ఎందుకు ముట్టకూడదు బాబూ, ఫెవికాల్ ఆరాలి, పెయింటు ఆరాలి, వానాకాలం మన సముద్రపు గాలికి తెల్లారినా జిగటే, అప్పటిదాకా చేతులు ఊరుకుంటాయేటి? కాకపోతే రెండూ ఒకే రకం పని పెట్టుకోకు. ఒకదానికి రంగులు, ఒకదానికి వైరింగు.

బల్లార్షా_జంక్షన్: నేనైతే స్కేలు మార్చనన్నా, అన్నీ 1:87లనే, అంటే అసలుదాంట్ల 87వ వంతు. గప్పుడు ఒకదానికి తెచ్చిన చెట్లు, మనుషుల బొమ్మలు ఇంకోదానికి పనికొస్తయ్. మా దిక్కు నాగ్‌భీడ్–నాగపూర్ చిన్న లైను 2019ల బందైంది, గదే చేస్తున్న. దాని పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లను 87తోని భాగిస్తే 8.76, అంటే ఎన్ స్కేల్ (ఇంకా చిన్న సైజు మోడళ్లు) 9 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోతయ్, మోటారు చక్రాలు గూడ ఎన్‌వే తీస్కొని బాడీ మనం చేస్కోవాలె. తిప్పలంత బ్రాడ్‌గేజితోనే, దాని 1676 మిల్లీమీటర్లకి లెక్కగడితే 19.26 రావాలె, ఈ స్కేల్‌ల దొరికే పట్టాలేమో 16.5. కండ్లు మూస్కోవాలె గంతే.

రాయగడ_ఘాట్: కొత్తది ఎన్నైనా మొదలెట్టండి గానీ పాతదాని పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించేవి), మోటార్లు పీకి దీనికి పెట్టకండి, అలా పీకిందేదీ మళ్లీ లేవదు. ఒక్కోదానికి ఒక మిఠాయి డబ్బా, ఎక్కడ ఆపామో చీటీ రాసి అందులోనే పడేయాలి. నేను కోరాపుట్–రాయగడ ఘాటు లైను ముక్కలుగా చేస్తున్నా, టన్నెల్ ఒక పెట్టె, బ్రిడ్జి ఒక పెట్టె, చివర్ల ఎత్తు కలిస్తే చాలు, ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి, పైగా మంచం కిందకి తోసేయొచ్చు.

పర్లాకిమిడి_పాసింజర్: మంచం ఐడియా మా ఇంట్లో పాసైపోద్ది 😀 చిన్న లైనుకీ డీజిల్‌కీ ఒకటే కంట్రోలర్ సరిపోద్దా?

బరంపురం_బాబాయ్: రెండూ 12 వోల్టుల డీసీవే అయితే సరిపోద్ది, మధ్యలో స్విచ్ పెట్టి ఒకసారికి ఒకటే నడుపు. అయినా నీవి మూడు ప్రాజెక్టులేటి బాబూ, నౌపడా హౌరా–చెన్నై మెయిన్ లైన్లోనే కదా ఉంది, స్టేషనుకి ఒకపక్క డీజిల్, ఇంకోపక్క చిన్న బండి, అన్నీ ఒకే బల్ల మీద కూర్చుంటాయి.

బల్లార్షా_జంక్షన్: ఏ ఏడాది సీనో ముందుగాల తేల్చుకో అన్నా. 2004 దాటిన కోచ్‌లు తెస్తే పక్కన చిన్న లైను తీసెయ్యాలె మల్ల.