పదమూడేళ్ల డెస్క్‌టాప్: బాగు చేయించాలా, సాగనంపాలా?

తార్నాక తమ్ముడు

మా ఇంట్లో రెండు వారాలుగా ఒకటే గొడవ. నాన్న 2013లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో (అదే, కంప్యూటర్ల బజారు సీటీసీలో) దగ్గరుండి అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఉంది. ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి, వెళ్లి టీ పెట్టుకుని తాగి వచ్చినా ఐకాన్లు పూర్తిగా రావు. కరెంటు పోయి వచ్చిందంటే నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ 2012కు పోతుంది. ఆ రోజు బ్యాంకు సైటు తెరుచుకోదు, కనెక్షన్ సురక్షితం కాదంటుంది. ఇంటి దగ్గర షాపుకు తీసుకెళ్తే ఆయన కేబినెట్ కూడా విప్పకుండా "మదర్‌బోర్డు పోయింది, 28 వేలకు కొత్తది ఇస్తా" అన్నాడు.

కొండాపూర్‌లో ఉండే అక్క "పారేయండి, నేను ల్యాప్‌టాప్ పంపిస్తా" అంటోంది. నాన్నేమో "నడుస్తున్న దాన్ని పారేయడమేంటి?" అంటున్నారు. ఆయనకు 71. అందులో పెన్షన్ చూసుకుంటారు, బిల్లులు కడతారు. 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసుకున్న మా వంశవృక్షం, ఊరి కబుర్లు, పాత ఫొటోల స్కాన్లు అన్నీ అందులోనే. మధ్యలో నేను నలిగిపోతున్నా. ఈ ఫోరమ్‌లో మీరే చెప్పండి, ఎవరి మాట వినాలి?

ఫైర్‌వాల్ గచ్చిబౌలి

మీ అక్కగారి మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం నుంచి. మీది 3వ తరం. అడ్డదారిలో ఎక్కించే టూల్స్ ఉన్నాయి కానీ, అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వలేదు.

నా ఉద్యోగమే ఇది. 71 ఏళ్ల మనిషి పెన్షన్ ఖాతా తెరిచే మిషన్ దగ్గర సెంటిమెంటు పెట్టుకోకండి. పాత స్కూటర్ అయితే మహా అయితే రోడ్డు మీద ఆగిపోతుంది. ఇది ఆగకుండానే ముంచుతుంది.

సీటీసీ పాతకాపు

తమ్మీ, ముందుగాల ఆ షాపాయనకు ఓ దండం పెట్టి మిషన్ ఇంటికి తెచ్చుకో. బోర్డు పోతే ఎఫ్1 నొక్కినంక విండోస్ ఎట్ల లేస్తది? పోయింది బోర్డు కాదు, బోర్డు మీది బిళ్ల. సీఆర్2032 అంటరు, 3 వోల్టులది, వాచీల దుకాణంల గూడ దొరుకుతది. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపించేది అదే. అది సచ్చిపోతే తారీఖు ఎనక్కి పోతది. బ్యాంకు సైటు సర్టిఫికెట్ మీద ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాంక చెల్లుతదని ఉంటది. మీ మిషన్ 2012ల కూసొని చూస్తే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. బ్రౌజర్ ఎట్ల పోనిస్తది?

ఇగ స్లో సంగతి. హార్డ్‌డిస్క్ పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతది, అంటే ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైన. విండోస్ 10 లేచేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లు వేలల్ల అడుగుతది. దేనికి దానికి పళ్లెం మీద చదివే ముల్లు అటు ఇటు ఉరకాలె. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు, దాంట్ల ఉరుకుడే లేదు. హెచ్61 బోర్డుల డిస్కును కలిపే సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, ఎస్‌ఎస్‌డీ సగం బలంతోనే నడుస్తదని చదివి కొందరు ఎనక్కి తగ్గుతరు. పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే ఆ తేడా కనబడతది. మిషన్ లేచేటప్పుడు మాత్రం మీ నాయినకు తెల్వనే తెల్వదు. ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఏసుకో, సెకండ్‌హ్యాండ్‌ది చాలు.

28 వేలంట. ఇట్లాంటోళ్ల వల్లనే మా బజారుకు చెడ్డపేరు.

ఫైర్‌వాల్ గచ్చిబౌలి

అన్నా, మీరు చెప్పిందంతా రిపేరు. కాదనను, బ్యాటరీ సంగతి నాకు తట్టనే లేదు. కానీ నేనడిగింది వేరు. మిషన్ ఎంత చురుగ్గా లేచినా సెక్యూరిటీ ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు) రాకపోతే ఏం లాభం?

సీటీసీ పాతకాపు

రావని ఎవరన్నరు? ఇంటి మిషన్లకు ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చిండ్రు, 2026 అక్టోబరు 13 దాంక. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే పైసలు గూడ అడగరు, లేకపోతే 30 డాలర్లు. 22హెచ్2 వెర్షన్ ఉండాలె, అంతే. మా కాడికొచ్చేటోళ్లల్ల సగం మందికి ఈ ముచ్చటే తెల్వదు.

ఫైర్‌వాల్ గచ్చిబౌలి

ఏడాది. ఆ తర్వాత?

చిక్కడపల్లి చాయ్

ఆ తర్వాత సంగతి తర్వాత. తమ్ముడూ, ముందు కేబినెట్ విప్పి లోపల చూడు. మా దాంట్లో ఎస్ఎంపీఎస్, అదే లోపల కరెంటు అందించే డబ్బా, ఊరికే ఢాం అందని కొత్తది కొనబోయాం. తీరా విప్పితే లోపల బల్లి, పాపం.

అచ్చుతప్పు నల్లకుంట

నేను డీటీపీ పని చేస్తాను, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి. నా దగ్గర ఈనాటికీ విండోస్ ఎక్స్‌పీ మిషన్ ఒకటుంది. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8నే పోయింది. అయినా అందులో పేజ్‌మేకర్ 7, అను స్క్రిప్ట్ హాయిగా నడుస్తున్నాయి. దానికి నెట్ వైరు లేదు, వైఫై లేదు. ఫైర్‌వాల్ గారూ, దాన్ని ఎవరు హ్యాక్ చేస్తారో చెప్పండి, వచ్చినవాళ్లకు కాఫీ కూడా ఇస్తాను.

ఇక్కడ అందరూ మిషన్ గురించే మాట్లాడుతున్నారు. బాబూ, మీ నాన్నగారి ఆస్తి మిషన్ కాదు, అందులో ఉన్న రాత. అను ఫాంట్లది యూనికోడ్ కాదు, అంటే అన్ని మిషన్లకూ అర్థమయ్యే ఉమ్మడి సంకేతాలు కావు. మన "క" అక్షరం అక్కడ ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చాటున దాక్కుని ఉంటుంది. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే మీ వంశవృక్షమంతా పిచ్చి గీతలు. మీ అక్కయ్య పంపే ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్లు లాగి పడేసి "అయిపోయింది" అనుకుంటారు, ఆరు నెలల తర్వాత తెరిచి నెత్తి కొట్టుకుంటారు. ముందు ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేయండి, ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది, ఎక్కడైనా చదువుకోవచ్చు. తర్వాత తీరిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకోండి. కన్వర్టర్లున్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఒకసారి చదివి దిద్దాల్సిందే.

ఈ పని కొత్త మిషన్ వచ్చాక కాదు, పాతది లేచి కూర్చున్నప్పుడే చేయాలి. ఒకసారి నా హార్డ్‌డిస్క్ పోయినప్పుడు నాలుగేళ్ల శుభలేఖల డిజైన్లు పోయాయి. అంతకు ముందు వారం రోజులు అది టిక్ టిక్‌మంటూనే ఉంది. ఫ్యాన్ చప్పుడనుకున్నాను.

విద్యానగర్ బ్యాక్‌బెంచ్

ఇంత చర్చ ఎందుకు? విండోస్ బదులు లినక్స్ మింట్ 22 వేసేయండి. ఫ్రీ, 2029 వరకు అప్‌డేట్లు, ఐ5-3470కి చాలా తేలిక. పెన్‌డ్రైవ్‌లో పెట్టి నడిపి చూడొచ్చు, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు. ఫైర్‌వాల్ అన్న అడిగిన "ఆ తర్వాత?" కి ఇదే జవాబు.

అచ్చుతప్పు నల్లకుంట

అను స్క్రిప్ట్ అందులో నడుస్తుందా?

విద్యానగర్ బ్యాక్‌బెంచ్

అది విండోస్ సాఫ్ట్‌వేర్ కదా ఆంటీ. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవచ్చు, వారం పడుతుంది.

అచ్చుతప్పు నల్లకుంట

నీకు వారం. ఇరవై ఏళ్లు ఒకే కీబోర్డు మీద అలవాటుపడ్డ వేళ్లకు ఎంతో నేను చెప్తాను: రెండేళ్లు, ఆ రెండేళ్లూ బూతులు. ఇంకోసారి ఆంటీ అంటే ఫోరమ్ నిర్వాహకులకు చెప్తా.

మీటర్ రీడింగ్

కరెంటు మాట ఎవరూ ఎత్తరేం? పాత డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 70 వాట్లు అనుకుందాం. రోజుకు 5 గంటలు, నెలకు పదిన్నర యూనిట్లు. చిన్న మినీ పీసీ అయితే అందులో సగం. తేడా 5 యూనిట్లే, దానికోసం కొత్తది కొనడం దండగ. కానీ మా ఇంటికి గృహజ్యోతి ఉచిత కరెంటు ఉంది. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనదే. పోయిన మే నెలలో 203 వచ్చింది. ఆ మూడు యూనిట్లు కూలర్‌వని మా ఆవిడ, కంప్యూటర్‌వని మా అత్తగారు. ఇంకా తేలలేదు.

సీటీసీ పాతకాపు

పాతది నడిపియ్యమన్న కదా అని అన్నీ పాతవే ఉంచుమని కాదు. ఎస్ఎంపీఎస్ మాత్రం పదమూడేండ్లది నమ్మొద్దు. లోపల కెపాసిటర్లు ఎండిపోతయ్. పోయేటప్పుడు ఒక్కతే పోదు, బోర్డును గూడ ఎంబడి తీస్కపోతది. మంచి కంపెనీది కొను. బోర్డు మీద గూడ ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల నెత్తిలు చూడు. సాపుగ ఉంటే సరే. ఉబ్బినయా, అప్పుడు నేను గూడ ఫైర్‌వాల్ తమ్మునితోనే ఉంట. ఆ బోర్డుల మీద పైసలు పెట్టుడు దండగ.

ర్యామ్ పల్లు రబ్బరుతోని తుడువు, మెల్లగ. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేండ్లకోసారి మార్చాలె, మీ ఇండ్లల్ల ఎవరూ మార్చరు, అది నాకెరుకే.

తార్నాక తమ్ముడు

అప్‌డేట్. బిళ్ల 40 రూపాయలు. మార్చాక తేదీ నిలబడింది, బ్యాంకు సైటు తెరుచుకుంది. 28 వేలకు 40 రూపాయలు, నాన్న నన్ను చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. కెపాసిటర్లు సాఫుగానే ఉన్నాయి. బల్లి లేదు, బొద్దింకల గుడ్లు ఉన్నాయి.

కానీ డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి చూస్తే హార్డ్‌డిస్క్ పసుపు రంగులో "జాగ్రత్త" చూపిస్తోంది, రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైపోయి పక్కన పెట్టిన చోట్లు) 112. దీన్నే ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసేయనా?

ఫైర్‌వాల్ గచ్చిబౌలి

వద్దు! ముందు అవసరమైన ఫోల్డర్లు బయటి డిస్కులోకి తీయండి, నాన్నగారి రాతలు, ఫొటోలు, ఆ ఫాంట్ల ఫోల్డరు. క్లోన్ అంటే డిస్కునంతా మొదట్నుంచి చివరిదాకా చదివించడం. నీరసంగా ఉన్న డిస్కు మధ్యలో కూలబడొచ్చు. ఫైళ్లు చేతికొచ్చాక ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేయండి, ఆ పొడిగింపుకు నమోదు చేయండి.

నా మాట నేను వెనక్కి తీసుకోవట్లేదు. రాతకోతలకు ఆ మిషన్ ఉంచుకోండి. డబ్బు వ్యవహారం మాత్రం దాని మీద వద్దు, ఫోన్లో చేసుకోమనండి.

తార్నాక తమ్ముడు

కింద రాసింది నాన్న. నా ఐడీ నుంచే, ఆయన మిషన్ మీద నుంచే.

నమస్కారం. మీ అందరి మాటలూ చదివాను. గచ్చిబౌలి అబ్బాయి నా మంచి కోరే చెబుతున్నాడని తెలుసు. కానీ ఒక సంగతి. ఈ పదమూడేళ్లలో నన్ను మోసం చేయబోయిన వాళ్లెవరూ ఈ కంప్యూటర్‌లోకి దూరలేదు, ఫోన్ చేశారు. ఒకడు కేవైసీ అన్నాడు, ఒకడు పార్శిల్లో మాదకద్రవ్యాలు దొరికాయన్నాడు, ఇంకొకడు పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో వచ్చి నన్ను "డిజిటల్ అరెస్టు" చేశానన్నాడు. అప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. ఇక నన్ను డబ్బు వ్యవహారం ఫోన్లోనే చేసుకోమంటే ఎలా నాయనా? ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు, వచ్చిన మెసేజీ మీద వేలు తగిలితే ఎక్కడికి పోతుందో తెలియదు. ఇక్కడ చిరునామా పైన పెద్దగా కనిపిస్తుంది, చదివి నొక్కుతాను.

కొత్తది వద్దనడం లేదు. అమ్మాయి పంపుతానన్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుందట. 2013లో ఇది బిగించిన కుర్రాడు ఒక్కొక్క భాగం నా చేతికిచ్చి చూపించాడు. ఏది పోతే అది మార్చుకోవచ్చన్నాడు. ఆ మాట మీదే కొన్నాను.

ఫైర్‌వాల్ గచ్చిబౌలి

అంకుల్, ఫోన్ మోసాల సంగతికి నా దగ్గర జవాబు లేదు, నిజంగా. మా ఆఫీసులోనే ఇద్దరు అలా పోగొట్టుకున్నారు, ఇద్దరికీ కొత్త ల్యాప్‌టాప్‌లే. సరే, ఒక పని చేయండి. బ్యాంకు పనికి ఆ మిషన్ మీదే వేరే బ్రౌజర్ ఒకటి పెట్టుకోండి, అందులో ఇంకేమీ తెరవకండి. ఎడ్జ్‌కు విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబరు వరకు అప్‌డేట్లు ఇస్తామన్నారు. అయితే బ్రౌజర్ గట్టిగా ఉన్నంత మాత్రాన కింద విండోస్ గట్టిగా ఉన్నట్టు కాదు. 2026 అక్టోబరు 13న ఈ థ్రెడ్‌లోకి మళ్లీ వస్తా. ఆ రోజుకు మీ మిషన్ మీద మింట్ అయినా ఉండాలి, బ్యాంకు పని మానేసైనా ఉండాలి.

విద్యానగర్ బ్యాక్‌బెంచ్

నేను వచ్చి వేసిపెడతా అంకుల్. విండోస్ కూడా పక్కన ఉంచుతా, అను కోసం. మేడమ్ గారు గమనించగలరు.

సీటీసీ పాతకాపు

పెద్దసారు, 2013ల మీ చేతిల భాగాలు పెట్టి చూపిచ్చిన పోరడు ఏ అంతస్తుల ఉండె? యాదికుంటే చెప్పుండ్రి. అప్పట్ల గట్ల చూపిచ్చేటోళ్లం ఇద్దరు ముగ్గురమే.

తార్నాక తమ్ముడు

నాన్న బిల్లు వెతుకుతున్నారు, బీరువాలో ఉందట. ఎస్‌ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ ఈ శనివారం తెస్తా. అక్క కూడా ఈ థ్రెడ్ చదివింది. ల్యాప్‌టాప్ ఆర్డరు మాత్రం రద్దు చేయలేదు. అది నాకట.