పక్కింటి మిద్దె నీళ్ళన్నీ మా సందులోకే – దారి చెప్పండి

కడప_మిద్దె:
మాది కడపలో 3 సెంట్లు, నల్లరేగడి నేల. దక్షిణం పక్క వాళ్ళు గరుసు తోలి 2 అడుగులు ఎత్తు చేసి ఇల్లు కట్టారు. వాళ్ళ మిద్దె సుమారు 1100 చదరపు అడుగులు. దాని పైపులు రెండూ మా కాంపౌండు గోడ మొదట్లోనే వదిలేశారు. వాన గట్టిగా పడితే నీళ్ళు గోడ కింద నుంచి ఊరి మా 4 అడుగుల సందులో నిలుస్తున్నాయి. ఇంటి గోడకు లోపల అడుగున్నర వరకు చెమ్మ, పెయింటు పొక్కుతోంది. కాంపౌండు గోడ మాదే, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. తూర్పున రోడ్డు కాలువ 40 అడుగుల దూరం. సందులో ఇంకుడు గుంత తీస్తే చాలంటున్నాడు బేల్దారి. పక్కాయన పెద్దమనిషి, గొడవ పెట్టుకోలేను. అక్టోబరు వానల్లోపు ఏం చేయొచ్చన్నా?

అనంత_సివిల్:
సందులో ఇంకుడు గుంత మాత్రం వద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది పక్కనే నీళ్ళు దించితే ఇవాళ చెమ్మ, రేపు గోడ పగుళ్ళు. గుంత తీయాలంటే పునాదికి 10 అడుగులైనా దూరముండాలి, అదీ నేల పీల్చుకుంటేనే. అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి, మర్నాడు మళ్ళీ నింపి చూడండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే ఆ ఆలోచన వదిలేయండి. అనంతపురం ఎర్ర గరప నేలల్లో నడిచింది మీ దగ్గర నడవదు.

మిద్దె నీళ్ళు, నేల నీళ్ళు వేరు చేయండి. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. 1100 చదరపు అడుగులంటే దాదాపు 102 చదరపు మీటర్లు, 50 మి.మీ. వానకు 5 వేల లీటర్ల పైమాటే. అంత నీరు రెండు చోట్ల కుమ్మరిస్తే ఏ గోడ మొదలైనా తడుస్తుంది. ఆ రెండు పైపులను వాళ్ళ గోడ వెంబడే 110 మి.మీ. పీవీసీ పైపుతో కలిపి రోడ్డు కాలువకు చేర్చాలి. 75 మి.మీ. పైపు కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, వాన జోరైతే చాలదు, వేపాకు చేరితే అసలే నడవదు. వాలు 100కి 1, అంటే 40 అడుగులకు దాదాపు 5 అంగుళాలు. మలుపులో 90 డిగ్రీల బెండు ఒకటి కాకుండా 45వి రెండు వేయండి. దించే చోట జాలీ, చెత్త తీసుకోను మూత ఉన్న టీ (మూడు మూతుల పైపు జాయింటు) పెట్టించండి. ఖర్చులో సగం మీరే పెట్టుకుంటామంటే పెద్దమనిషి కాదనడు, అడిగి చూడండి.

రేగడి_బేల్దారి:
పైపు సంగతి సరే, ఆ గోడ సంగతి ముందు చూడండప్పా. నాలుగున్నర గోడ హద్దుకు కడతారు గానీ 2 అడుగుల మట్టిని మోయడానికి కాదు. మట్టి తడిస్తే బరువు, వెనక నీళ్ళు నిలిస్తే ఇంకా తోపుడు. గుండు దారం వేలాడదీసి చూడండి. పైన అర అంగుళం దాటి మీవైపు వాలి ఉంటే, గచ్చు పూసి లాభం లేదు, విప్పి కట్టాల్సిందే. నిలువుగా ఉంటే గోడ వెనక వాళ్ళవైపు అడుగు వెడల్పున మట్టి తీయించి 40 మి.మీ. కంకర నింపాలి. మట్టి, కంకర కలవకుండా మధ్యలో జియో బట్ట వేయాలి. గోడకు ప్రతి 5 అడుగులకొక 75 మి.మీ. పైపు ముక్క అమర్చండి. నీళ్ళు మావైపే వస్తాయి కదా అంటారు. అవి ఎలాగూ వస్తున్నాయి, దారిచ్చి, సందులో చిన్న కాలువ తీసి అందులో పట్టుకుంటే గోడ నిలుస్తుంది.

ఈ సందు కాలువ కాంపౌండు గోడ వైపే ఉండాలి, ఇంటి వైపు కాదు. ఇంటి గోడ నుంచి కాలువ దాకా 4 అంగుళాల గరుసు దిమ్మిస కొట్టి, మీద 4 అంగుళాల కాంక్రీటు వేసి, అడుగుకు అర అంగుళం వాలు పెట్టండి. కాంక్రీటును ఇంటి గోడకు అతికించొద్దు. అర అంగుళం సందు వదిలి తారు సీలెంటుతో నింపండి, లేకుంటే రేగడి కదిలినప్పుడు అక్కడే నెర్రె తీస్తుంది.

కోర్టు_పక్షి:
చట్టం మాట ఒకటి. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ళ నేల మీద దారి, నీళ్ళ లాంటి హక్కుల చట్టం) 7వ సెక్షన్ ప్రకారం ఎగువ నేల మీద పడిన వాన సహజంగా పారుతుంటే దిగువ వాళ్ళు పారనివ్వాలి. కానీ పైపు పెట్టి వదిలింది, మట్టి తోలి మళ్ళించింది సహజ పారుదల కిందికి రాదు. ఎవరూ అడ్డు చెప్పకుండా 20 ఏళ్ళు అలాగే వదిలితే 15వ సెక్షన్ కింద అది వాళ్ళ హక్కని వాదించొచ్చు. అందుకే మాట మంచిగా ఉన్నప్పుడే చిన్న కాగితం రాసుకోండి. వాన పడేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, మునిసిపాలిటీకి అర్జీ ఇవ్వాల్సొస్తే అదే ఆధారం. వాళ్ళ పైపు మూతికి సిమెంటు మాత్రం కొట్టకండి, న్యాయం మీవైపున్నా కేసు మీమీదే అవుతుంది.

కడప_మిద్దె:
లెవెల్ ట్యూబు పట్టి చూశాం. సందు కన్నా రోడ్డు కాలువ పైఅంచు 2 అంగుళాలే కింద. బేస్‌మెంటు సందు మీద అడుగున్నర ఎత్తుంది. గుండు వేసి చూస్తే గోడ నిలువుగానే ఉంది.

అనంత_సివిల్:
అయితే రోడ్డు కాలువ నిండినప్పుడు నీళ్ళు వెనక్కి తంతాయి. బేస్‌మెంటు ఎత్తు ఉంది కాబట్టి సందునే 5 అంగుళాలు లేపండి. పైమట్టి 3 అంగుళాలు తీసేస్తే ఆ 4 అంగుళాల గరుసు, 4 అంగుళాల కాంక్రీటు అందులో సరిపోతాయి. సందు కాలువ ఒక అడుగు వెడల్పు, మొదట్లో 2 అంగుళాల లోతు, అడుగున నున్నటి నాపరాళ్ళు. నాపరాయి మీద 200కి 1 వాలు చాలు, చివరికి రెండున్నర అంగుళాలు దిగుతుంది. అప్పుడు సందు కాలువ అడుగుభాగం రోడ్డు కాలువ పైఅంచు కన్నా రెండున్నర అంగుళాలు పైనే ఉంటుంది. వాలు తక్కువ కనుక మట్టి పేరుకుంటుంది, ప్రతి పెద్ద వాన తర్వాత చీపురు పట్టాలి. లోపల గోడకు పెయింటు ఈ ఏడు వేయకండి, తడి ఆరాక వేసవిలో పొక్కిన గచ్చు తీసి కొత్తది పూయించండి.