వేళ్లు వాటంతట అవే కొంకర్లు పోతున్నాయి, రిపోర్టులేమో అన్నీ నార్మల్

ప్రశ్న:
నాలుగు నెలలుగా కుడిచెయ్యి నా మాట వినడం లేదు. రాస్తుంటేనో, కూరగాయలు తరుగుతుంటేనో బొటనవేలు ఉన్నట్టుండి అరచేతిలోకి ముడుచుకుపోతుంది, చూపుడువేలు కర్రలా బిగుసుకుంటుంది, ఎడమచేత్తో ఒక్కో వేలూ పట్టి లాగితే గానీ తెరుచుకోదు. నొప్పి భరించొచ్చు గానీ నలుగురిలో ఉంటే చెయ్యి బల్ల కింద దాచుకోవాల్సి వస్తోంది. షుగర్, బీ12, థైరాయిడ్ చేయించాను, అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టర్ గారు టెన్షన్ తగ్గించుకోమన్నారు. టెన్షన్ ఉంది, కాదనను, కానీ అందులో సగం ఈ చెయ్యి వల్లే కదా! ఇలాంటిది ఉన్నవాళ్లు రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1:
ముందు ఒకటి చెప్పండి, చెయ్యి ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడూ వస్తుందా, పని చేస్తేనే వస్తుందా? నాది రెండో రకం. పేపర్లు దిద్దే ఉద్యోగం. మూడు లైన్లు రాయగానే చూపుడువేలు పెన్ను మీంచి దానంతట అదే లేచిపోయేది, దాన్ని దించాలని నొక్కేకొద్దీ మణికట్టు వంకర తిరిగేది. అదే చేత్తో టైప్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఇంట్లోవాళ్లు వేషాలనుకున్నారు. చివరికి ఒక న్యూరాలజిస్టు రిపోర్టులు పక్కన పెట్టేసి, తెల్లకాగితం ఇచ్చి, రాయండి చూస్తాను అన్నారు. పది నిమిషాల్లో తేలిపోయింది. ఫోకల్ డిస్టోనియా అట, రాసేటప్పుడు వస్తే రైటర్స్ క్రాంప్ అంటారు. కండరంలో లోపం కాదు, మెదడు నుంచి ఆ ఒక్క పనికి వెళ్లే ఆదేశాలు కలగాపులగం అయ్యి, వేలిని ముడిచే కండరం, చాపే కండరం ఒకేసారి బిగుసుకుంటాయి. రక్తపరీక్షలో కనబడదు. పియానో వాయించే లియోన్ ఫ్లైషర్‌కి 1960ల్లో కుడిచేతి చివరి రెండు వేళ్లు ఇలాగే ముడుచుకుపోతే, దాదాపు 30 ఏళ్లు ఎడమచేతికి రాసిన సంగీతం వాయిస్తూ, పాఠాలు చెప్తూ గడిపారు. 1990ల్లో, బిగుసుకునే కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్లతో మళ్లీ రెండు చేతులూ పియానో మీదికి వచ్చాయి.

నాకూ ఆ ఇంజెక్షనే. సుమారు మూడు నెలలు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. మొదటిసారి డోసు ఎక్కువై రెండు వారాలు గ్లాసు కూడా గట్టిగా పట్టుకోలేకపోయాను, అదీ తెలిసి ఉండండి. పెన్నుకి రబ్బరు గొట్టం తొడిగి లావు చేసుకున్నాను, చెప్తే నవ్వుతారు గానీ అది నిజంగా పనికొచ్చింది.

జవాబు 2:
డిస్టోనియా అని అప్పుడే ఖాయం చేసుకోకండి. మీ లిస్టులో కాల్షియం లేదు! మా అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక వేళ్లు నిటారుగా ఒకదానికొకటి అతుక్కుని, బొటనవేలు లోపలికి పోయి, మణికట్టు కిందికి వంగిపోయేది. బీపీ చూసే పట్టీ చేతికి బిగించి కాసేపు ఉంచారు, మా కళ్లముందే చెయ్యి అలా తిరిగిపోయింది. థైరాయిడ్ వెనకుండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోయిందన్నారు. కాల్షియం, మెగ్నీషియం, విటమిన్ డి గురించి అడగండి.

జవాబు 3:
రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటుండొచ్చు. చిటికెనవేలి వైపు తిమ్మిరైతే మోచేతి దగ్గర చూస్తారు. నరంలో సంకేతాలు సరిగ్గా వెళ్తున్నాయా అని చూసే నర్వ్ కండక్షన్ టెస్టు అని ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
వారం రోజులు రాసిపెట్టాను. రాత్రి తిమ్మిరి లేదు. ఖాళీగా ఉన్నప్పుడు రాలేదు, ఒక్క మంగళవారం తప్ప. మీటింగ్‌కి ముందు రెండు చేతులూ బిగుసుకున్నాయి, మూతి చుట్టూ చిమచిమ. చేతిలో పెన్నూ లేదు, కత్తీ లేదు.

జవాబు 2:
అప్పుడు గబగబా ఊపిరి పీల్చారా? కంగారులో అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, కాల్షియం మొత్తం సరిపడా ఉన్నా పనికొచ్చే భాగం తగ్గుతుంది, వేళ్లు బిగుస్తాయి. నెమ్మదిగా వదిలితే సర్దుకుంటుంది. మీకు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయేమో, డాక్టరుకి విడివిడిగా చెప్పండి. రక్తపరీక్ష అయ్యేదాకా కాల్షియం మాత్రలు సొంతంగా వేసుకోకండి. పట్టు బలం తగ్గినా, బొటనవేలి కింద కండ పలచబడినా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకే.

జవాబు 1:
వచ్చినప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, నోటితో చెప్పేదానికన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
తీద్దామని ఫోన్ నిలబెట్టి పేజీన్నర రాశానండీ, కెమెరా చూడగానే చెయ్యి ఎంత బుద్ధిగా ఉందో! అపాయింట్‌మెంట్ శుక్రవారం. రేపు మళ్లీ రాస్తాను.