బాబు పేరు ‘ఓవెన్’: స్పెల్లింగు ఏది రాయాలి?

బుజ్జిగాడి నాన్న:
అందరికీ నమస్కారం. మా బాబుకి ఓవెన్ అని పెడదామనుకున్నాం, ఐరిష్ పేరు. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట. ఒకచోట ఇ-ఓ-ఐ-ఎన్ అని ఉంది, ఇంకోచోట ఇ-ఓ-జి-హెచ్-ఎ-ఎన్, మరోచోట ఓ-డబ్ల్యూ-ఇ-ఎన్. మూడూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి చూస్తూనే ఉన్నాం. సరైనది ఏదో ఒక్కటి చెప్పండి. రేపే రిజిస్ట్రేషను, టెన్షన్‌గా ఉంది.

కార్క్ తెలుగు:
ఏ దేశంలో రిజిస్ట్రేషను? ఏ పాస్‌పోర్టు?

దీర్ఘాల మాస్టారు:
ఐరిష్ పేర్లలో అన్నిటికన్నా ముఖ్యం ఫాడా, అచ్చు మీద పెట్టే ఏటవాలు గీత. మనకి దీర్ఘం ఎలాగో వాళ్లకి అది అలాగ. షాన్ పేరులో ‘ఎ’ మీద గీత తీసేస్తే ‘ముసలి’ అనే మాట మిగులుతుంది. పాస్‌పోర్టులో మిషన్ చదివే రెండు వరుసల్లో ఆ గీత రాదు, నిజమే. అయినా రిజిస్ట్రేషన్లో మాత్రం వదలకండి. బిడ్డ పేరండీ అది.

కార్క్ తెలుగు:
ఈ పేరులో ఫాడా లేదు.

పాత పేర్లు:
అన్నా, అవి ఒకే పేరుకి మూడు స్పెల్లింగులు కావు. ఇ-ఓ-ఐ-ఎన్ అంటే యోహాను. లాటిన్ నుంచి వచ్చింది, బాప్తిస్మమిచ్చు యోహానుకి ఐరిష్‌లో ఆ పేరే. షాన్ కూడా యోహానే, కాకపోతే నార్మన్ ఫ్రెంచి వాళ్లతో వచ్చింది. జి-హెచ్ ఉన్నది వేరే పేరు, బైబిలుతో సంబంధం లేని పాత గేలిక్ పేరు. టైరోన్ అనే కౌంటీ పేరుకి అర్థం ‘ఓవెన్ నేల’. డొనెగాల్ కౌంటీలో ఇనిషోవెన్ ద్వీపకల్పం పేరులోనూ ఉన్నది ఈ ఓవెనే. ఆ జి-హెచ్ ఇప్పుడు పలకదు. పాత ఐరిష్ లిపిలో జి మీద ఒక చుక్క ఉండేది, రోమన్ అక్షరాల్లోకి మారాక చుక్క బదులు హెచ్ చేరింది. మనం అరసున్న వదిలేశాం, వాళ్లు చుక్కని హెచ్ చేసుకున్నారు. ఇక డబ్ల్యూ ఉన్నది ఇంగ్లిష్ రాత, వేల్స్ వాళ్లకీ ఆ పేరుంది. సంప్రదాయ ఐరిష్ అక్షరాలు పద్దెనిమిదే, వాటిలో డబ్ల్యూ లేదు.

డబ్లిన్ అక్క:
గేలిక్ అనకండి తమ్ముడూ. ఇక్కడివాళ్లు ఐరిష్ అంటారు. గేలిక్ అంటే స్కాట్లాండు భాష అనుకుంటారు.

పాత పేర్లు:
రెండూ ఒకే కుటుంబం అక్కా, తప్పేం కాదు.

డబ్లిన్ అక్క:
నేను పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను. ఆ మాటంటే వాళ్ల మొహం మారడం చూశాను.

గోదావరి పంతులు:
రోహిణి ఒకటో పాదానికి ‘ఓ’ అక్షరం చాలా చక్కగా సరిపోతుంది. కానీ ఇంగ్లిష్‌లో ‘ఇ’తో మొదలైందని కృత్తిక కింద లెక్కకట్టకండి. నామాక్షరం చెవికి వినపడేదే. బాబు నక్షత్రం చెప్తారా?

బుజ్జిగాడి నాన్న:
అయ్యో, చెప్పలేదు కదా. మేం డబ్లిన్‌లోనే ఉన్నాం. బాబు ఇక్కడే పుట్టాడు, మూడు నెలల గడువు వచ్చే వారంతో అయిపోతుంది. పై ఇంట్లో ఉండే పెద్దాయన పేరు పెడుతున్నాం. నెప్పులు మొదలైన రాత్రి ఆయనే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇప్పుడు కూతురి దగ్గరికి వెళ్లారు. సొంతూరు బంక్రానా.

పాత పేర్లు:
బంక్రానా ఇనిషోవెన్‌లోనే! అయితే జి-హెచ్ ఉన్నదే.

కార్క్ తెలుగు:
ఊరిని బట్టి చెప్పలేం. ఆయన రాసింది ఏదైనా ఉందా, చూడండి.

బుజ్జిగాడి నాన్న:
క్రిస్మస్ కార్డు దొరికింది. సంతకంలో జి, హెచ్ రెండూ ఉన్నాయి. అదే రాస్తాం. థాంక్సండీ, పడుకుంటాను.

వరంగల్ చిన్ని:
మా చెల్లి వాళ్లు కీరన్ అనుకుంటున్నారు. ‘సి’ తో రాయాలా, ‘కె’ తోనా?

గోదావరి పంతులు:
నక్షత్రం?