సీఎక్స్‌సీఆర్4ని ఆపితే గ్లియోబ్లాస్టోమా పాకడం ఆగుతుందా?

కణదర్శి:
మెదడు కణితి గ్లియోబ్లాస్టోమా మెదడులో పాకడానికి సీఎక్స్‌సీఆర్4 రిసెప్టారే (కణం మీద ఉండి సంకేతాలను అందుకునే ప్రొటీన్) మూలం అన్న మాట చాలాచోట్ల కనిపిస్తోంది. దాని కింద ఉన్న ఆధారం ఎక్కువగా ట్రాన్స్‌వెల్ పరీక్షే. 8 మైక్రాన్ల రంధ్రాలున్న పొర, పైన కణాలు, కింద మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల సీఎక్స్‌సీఎల్12, అంటే ఆ రిసెప్టార్‌కి అతుక్కుని కణాన్ని పిలిచే సంకేత ప్రొటీన్ (లైగాండ్). మర్నాడు కిందికి దిగినవాటిని లెక్కపెట్టడం. పైగదిలోనూ అదే మోతాదు వేసిన కంట్రోల్ లేకపోతే, కణం వాసన పట్టి వెళ్లిందో, ఊరికే కదలిక పెరిగిందో ఎలా చెబుతాం? నా లెక్కలో ఈ రిసెప్టార్ పని కణితి పెరగడంలో, చికిత్స తర్వాత మళ్లీ లేవడంలో ఎక్కువ, పాకడంలో తక్కువ.

ఆస్ట్రోసైట్:
ట్రాన్స్‌వెల్‌ని పక్కన పెట్టండి, శరీర నిర్మాణం చూడండి. కణాలు రక్తనాళాల వెంట, తెల్లపదార్థపు తంతువుల వెంట పాకుతాయని షెరర్ 1930లలోనే వర్ణించారు. నాళాల లోపలి పొర కణాలూ, మెదడు కుహరాల అంచున ఉండే సబ్‌వెంట్రిక్యులర్ జోన్ కూడా సీఎక్స్‌సీఎల్12ని వదిలే చోట్లే. ఆక్సిజన్ తగ్గితే హిఫ్-1 అనే ప్రొటీన్ రిసెప్టార్‌నీ లైగాండ్‌నీ రెండింటినీ పెంచుతుంది. దారీ, పిలుపూ ఒకేచోట ఉన్నప్పుడు కాకతాళీయం అనడం కష్టం. ఎలుకల మెదడులో పెట్టిన కణితులను సీఎక్స్‌సీఆర్4ని ఆపే మందు ఏఎండీ3100 అణచిందని 2003లోనే చూపించారు కదా.

కణదర్శి:
ఆ 2003 పని నా పక్షానే సాక్ష్యం చెబుతోందండీ! అక్కడ తగ్గింది కణవిభజన, పెరిగింది కణమరణం. పైగా వాడింది ప్రయోగశాలలో పెంచే యూ87 లాంటి కణితి కణాలు. యూ87 ఎలుక మెదడులో అంచు తీరిన ముద్దలా పెరుగుతుంది తప్ప మనిషి కణితిలా చొచ్చుకుపోదు. అలాంటి నమూనాలో పాకడం తగ్గిందనడానికి అసలు పాకితేగా?

మైక్రోగ్లియా3:
మీ వాదన తేలేలోపు కొలతలో జరిగే పొరపాట్లు చెబుతాను, సగం గొడవ వాటితోనే వస్తుంది. కణాల మీది రిసెప్టార్లను కొలిచే ఫ్లో సైటోమెట్రీకి, పాత్రకు అతుక్కున్న కణాలను ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్‌తో లేపితే ఉపరితల రిసెప్టార్ ముక్కలైపోయి ‘నెగటివ్’ వస్తుంది, ఈడీటీఏతో లేపాలి. సీఎక్స్‌సీఆర్4ని గుర్తించడానికి వాడే 12జీ5 యాంటీబాడీ అతుక్కునేది దాని రెండో బాహ్య వలయానికి. ఏఎండీ3100 ఉన్నప్పుడు దానికి చోటు దొరకదు, అప్పుడు మందు రిసెప్టార్‌ని మాయం చేసిందని రాసేస్తారు! ఆ ప్రొటీన్ మొదటి చివరను (ఎన్-కొస) పట్టే 1డీ9 యాంటీబాడీతో సరిచూసుకోవాలి. ఇక సీఎక్స్‌సీఆర్7 అనే మరో రిసెప్టార్. అదే లైగాండ్‌ని ఇంకా గట్టిగా పట్టుకుని కణంలోకి మింగేస్తుంది, పైగా ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది కాబట్టి ఉపరితలం మీద మాత్రమే వెతికితే దొరకదు. ఏఎండీ3100 మోతాదు 10 మైక్రోమోలార్ దాటిందంటే సీఎక్స్‌సీఆర్7ని ఆపకపోగా ప్రేరేపిస్తుంది. 50 మైక్రోమోలార్ పోసి ‘సీఎక్స్‌సీఆర్4ని ఆపాం’ అంటే నమ్మకండి.

ఆస్ట్రోసైట్:
సీఎక్స్‌సీఆర్7 సంగతి ఒప్పుకుంటాను. మరి రోగుల ఫలితాల మాటేమిటి? 2019లో వచ్చిన ప్లెరిక్సాఫోర్ (ఏఎండీ3100కే మరో పేరు) ట్రయల్‌లో 29 మందికి, రేడియేషన్ ముగియడానికి వారం ముందు మొదలుపెట్టి నాలుగు వారాలపాటు, రోజుకు కిలోకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఎడతెరిపి లేకుండా ఎక్కించారు. మధ్యస్థ ఆయుష్షు 21.3 నెలలు.

కణదర్శి:
పోలికకు కంట్రోల్ గుంపు లేదు. కీమో మందు టెమోజోలమైడ్‌ని ప్రామాణికం చేసిన 2005 ట్రయల్‌లోని 14.6 నెలల పక్కన దీన్ని పెట్టడం న్యాయం కాదు, రోగుల ఎంపిక వేరు. అయినా ఆ ట్రయల్ ఊహ చదవండి: రేడియేషన్‌కి స్థానిక నాళాలు దెబ్బతింటాయి, హిఫ్-1 లేస్తుంది, సీఎక్స్‌సీఎల్12 పిలుపుకి ఎముకమజ్జ నుంచి సీడీ11బీ గుర్తున్న రోగనిరోధక కణాలు వచ్చి నాళాలను మళ్లీ కడతాయి. మందు ఆపాల్సింది ఆ మేస్త్రీలను. కిరణాలు పడిన చోట కణితి బాగానే అదుపులో ఉంది, తిరగబెట్టినవి బయట ఎక్కువ కనిపించాయి. పాకడాన్నే ఆపి ఉంటే ఇలా జరగదు.

మైక్రోగ్లియా3:
అక్కడ తొందరపడ్డారు. మందు మొదలయ్యే వేళకే కణాలు దూరం పాకి ఉండొచ్చు. ప్లెరిక్సాఫోర్ రక్తం–మెదడు అవరోధాన్ని సరిగ్గా దాటదు కాబట్టి చెక్కుచెదరని మెదడులో దాగిన కణానికి అది చేరకపోయీ ఉండొచ్చు. లైగాండ్‌నే పట్టేసే మరో మందు ఎన్‌ఓఎక్స్-ఏ12తో (వారానికి 200, 400, 600 మిల్లీగ్రాములు) సీఎక్స్‌సీఆర్4, 7 రెండింటికీ పిలుపు అందదు. కానీ ఆ ట్రయల్ మోతాదు పెంపు దశలో ఉన్నది 10 మందే.

ఆస్ట్రోసైట్:
అయితే ఏ ప్రయోగం చూపిస్తే మాట మార్చుకుంటారు?

కణదర్శి:
సీరం లేకుండా పెంచిన రోగి కణాలు, నిజంగా చొచ్చుకుపోయేవి తీసుకుని ఎలుకల మెదడులో పెట్టాలి. ఒక గుంపులో కణితి కణాల్లో మాత్రమే సీఎక్స్‌సీఆర్4 తొలగించాలి, మరో గుంపులో ఎలుక మజ్జలో మాత్రమే. రేడియేషన్ ఇచ్చినవీ ఇవ్వనివీ విడివిడిగా ఉంచాలి. మెదడు రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ దాటి అవతలి అర్ధగోళానికి చేరిన మానవ కణాల కేంద్రకాలను యాంటీబాడీ రంగుతో లెక్కపెట్టి, ఆ సంఖ్యను కణితి పరిమాణంతో సరిదిద్దాలి. చిన్న కణితి నుంచి తక్కువ కణాలు దాటడం మామూలే కదా. మొదటి గుంపులో, సరిదిద్దాక కూడా, దాటినవి తగ్గితే మీదే నిజం.

మైక్రోగ్లియా3:
తొలగించిన కణాల్లో సీఎక్స్‌సీఆర్7 పెరిగిందేమో కూడా చూడండి, పెరిగితే మళ్లీ మొదటికే వస్తాం.