నెల్లూరు, ఒంగోలు వైపు మూతపడిన మన గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ల చోట్లు: గుర్తున్నవి రాయండి

పెన్నగట్టు:
మొన్న ట్రంకు రోడ్డులో పోతూ పైకి చూశాను. మన డ్రాప్-ఇన్ సెంటర్ ఉన్న మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు నేర్పే బోర్డు ఉంది. బండి ఆపేసి కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇప్పటి పిల్లలకు డీఐసీ (డ్రాప్-ఇన్ సెంటర్, మనవాళ్లు వచ్చి కూర్చునే గది) అంటే తెలీదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవాహన్ ప్రాజెక్టు మొదలయ్యాక ఎయిడ్స్ నివారణ కోసం మన రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఇలాంటి గదులు వచ్చాయి. రికార్డుల్లో రాసేది కండోమ్‌లు, రక్తపరీక్షలు, కౌన్సెలింగ్. మాకు మాత్రం అది శనివారం సాయంత్రం. రెండు చాపలు, ఒక నిలువుటద్దం, పాటలకు టేప్ రికార్డర్. ఇంట్లో దాచుకోలేని వాళ్ల చీరలన్నీ అక్కడి ట్రంకు పెట్టెలో ఉండేవి. నా కాటుక డబ్బా కూడా. తొమ్మిదికి తాళం వేసేవాళ్లు. మొహాలు కడుక్కుని, మళ్లీ ప్యాంటూ చొక్కాల్లో ఇళ్లకు పోయేవాళ్లం.

తర్వాత అద్దె కట్టేవాళ్లు లేక గది పోయింది.

ఒంగోలు చిన్నోడు:
మాకు గది కూడా లేదన్నా. సెకండ్ షో, అది వదిలాక బస్టాండ్ దగ్గర టీ కొట్టు. అంతే మా నైట్ లైఫ్.

2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు మన సంబంధాలను నేరం చేసే 377 సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది కదా, ఆ రాత్రి ఏడుగురం ఆ కొట్టు దగ్గరే చేరాం. ఎవరికీ మాట రాలేదు. కొట్టాయన మూడుసార్లు టీ పోశాడు, డబ్బులు తీసుకోలేదు. 2018 సెప్టెంబర్ 6న అదే సెక్షన్ మన మీద చెల్లదని తీర్పు వచ్చేసరికి కొట్టు తీసేశారు, సినిమా హాలు కూడా మూసేశారు. అంత మంచి వార్త ఎవరితో చెప్పుకోవాలో తెలియక రూమ్‌లో ఒక్కడినే కూర్చుని ఏడ్చాను.

కావలి టు లండన్:
ఇక్కడ కూడా ఇదే బాధ. ఒక యూనివర్సిటీ వాళ్లు లెక్క తీస్తే, లండన్‌లో 2006లో మనవాళ్ల బార్లు, క్లబ్బులు 125 ఉంటే 2017కి 53 మిగిలాయి. అద్దెలు, బిల్డర్లు. కామ్డెన్‌లో బ్లాక్ క్యాప్ అనే పాత పబ్ 2015లో మూసేస్తే, జనం శనివారాలు దాని బయటే నిలబడి నిరసన తెలిపారు. మన గది పోయినప్పుడు నేనూ ఉన్నాను. సామాను ఆటోలో ఎక్కించి, నోరెత్తకుండా వచ్చేశాం. అది నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

కందుకూరు అమ్మాయి:
ఒక మాట చెప్పాలి. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లకు ఏ ప్రాజెక్టూ గది తియ్యలేదు. ఎయిడ్స్ లెక్కల్లో మేము లేము కాబట్టి చాపా లేదు, అద్దమూ లేదు. మాకున్నది హాస్టల్ మేడ, నీళ్ల ట్యాంకు వెనక. కోర్సు అయిపోగానే అదీ పోయింది. మూతపడిందని చెప్పుకోవడానికి తలుపు కూడా లేని చోటు.

పెన్నగట్టు:
నిజమే చెల్లీ. ఆ రోజుల్లో మీరు గుర్తుకే రాలేదు మాకు. తప్పే.

ఆ నిలువుటద్దం పోలేదు. గది ఖాళీ చేసిన రోజు అక్క తన ఇంటికి పట్టుకుపోయింది. ఈసారి రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు కాడికి వచ్చేవాళ్లు ముందే మెసేజ్ పెట్టండి, రాత్రికి అక్క ఇంట్లో భోజనం. చెల్లీ, నువ్వు తప్పకుండా రావాలి. మీ వాళ్లను కూడా తీసుకురా.